తోక మీద కూర్చున్న వాంపైర్

ఇంకా జిగురు పెట్టలేదు. ముక్కలన్నిటినీ మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా పట్టించి, మూడు చక్రాలూ తగిలించి, విమానాన్ని బల్ల మీద నిలబెట్టాను. చెయ్యి తీశానో లేదో ముక్కు మెల్లగా పైకి లేచింది. ముందు చక్రం గాల్లోకి పోయింది. వెనక తోక టక్కుమని బల్లకు ఆనింది. పక్కన కూర్చుని చూస్తున్న మా అన్నయ్య కూతురు, "బాబాయ్, అసలు విమానం కూడా ఇలాగే కూర్చుంటుందా?" అంది.

కూర్చోదు. ఏ ఫొటో చూసినా మూడు చక్రాల మీదా చక్కగా నిలబడే ఉంటుంది. మరి ఇదేమో దాన్ని అంగుళం అంగుళం కొలిచి, 72వ వంతుకు తగ్గించి చేసిన నమూనా. రెక్క వాలు అదే, చక్రాల చోటు అదే, తోక పొడవు అదే. అసలుది నిలబడుతుంటే దాని నకలు ఎందుకు వెనక్కి పడాలి? కిట్‌తో వచ్చిన కాగితంలో దీనికి జవాబు లేదు గానీ మందు మాత్రం రాసి ఉంటుంది: ముక్కు మూసేముందు లోపల బరువు పెట్టమని. ఈ ఒక్క సూచన వెనక ఉన్న సంగతి తెలిస్తే, చీమ తన బరువుకు ఎన్నో రెట్లు ఎలా మోయగలదో, ఏనుగు కాళ్లు ఎందుకంత లావుగా ఉండాలో కూడా తెలిసిపోతుంది.

రెండు తోకదండాల విమానం

బల్ల మీదున్నది బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్ కంపెనీ కొత్తగా అచ్చులు చేయించి 1/72 కొలతలో విడుదల చేసిన డి హావిలాండ్ వాంపైర్ టి.11. జెట్ యుగం తొలినాళ్ల శిక్షణ విమానాల్లో ఒకటి. చూడ్డానికి వింతగా ఉంటుంది. ముందు కోడిగుడ్డు లాంటి పొట్ట, దానికి చెరోవైపు రెక్కలు, ఒక్కో రెక్క నుంచి వెనక్కి సాగిన ఒక్కో సన్నని గొట్టం, ఆ రెండు గొట్టాలనూ చివర కలుపుతూ తోక.

ఈ ఆకారం ఎవరి సరదా కొద్దీ పుట్టింది కాదు. ఒంటిసీటు వాంపైర్ మొదటిసారి ఎగిరింది 1943 సెప్టెంబరు 20న. అప్పటి జెట్ ఇంజన్ల బలం చాలా తక్కువ. ఇంజన్ నుంచి వేడి గాలి పొడవాటి గొట్టంలోంచి బయటికి రావాలంటే దారిలోనే కొంత బలం హరించుకుపోతుంది. డాబా మీది ట్యాంకు నుంచి సన్నని పొడవాటి పైపుతో పెరట్లోకి నీళ్లు తెచ్చుకునేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. అదే పైపు జానెడు ఉంటే ధార బలంగా పడుతుంది. అందుకని డి హావిలాండ్ ఇంజనీర్లు ఇంజన్ని పొట్టలోనే పెట్టి, దాని మూతిని అక్కడికక్కడే బయటికి తెరిచారు. తోక ఆ వేడి గాలికి అడ్డం రాకుండా, రెండు దండాల మీద పక్కలనుంచి పట్టుకొచ్చారు.

మరో విశేషం ఉంది. జెట్ విమానమే అయినా ఆ గుడ్డు లాంటి పొట్ట లోహం కాదు, చెక్క. మధ్యలో తేలికైన బాల్సా, ఇటూ అటూ పల్చటి ప్లైవుడ్. అదే కంపెనీ అంతకు ముందు మస్కిటో అనే యుద్ధ విమానాన్ని ఇదే పద్ధతిలో చేసింది. మస్కిటో శరీరాన్ని కుడి సగం, ఎడమ సగం వేర్వేరుగా అచ్చుల మీద అతికి, లోపలి తీగలూ పైపులూ అమర్చాక, రెండు సగాలనూ కలిపేవారు. ఇప్పుడు నేను బల్ల మీద చేస్తున్న పని కూడా సరిగ్గా అదే కావడం నాకు ఎంతో ముచ్చటగా ఉంది.

1950 నవంబరు 15న ఎగిరిన రెండు సీట్ల వాంపైర్‌లో గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చుంటారు, డ్రైవింగ్ స్కూలు కారులో లాగా. పక్కన కూర్చునే గురువు అవసరం అప్పట్లో చాలా ఉండేది. ప్రొపెల్లర్ విమానంలో పెరిగిన పైలట్‌కు థ్రాటిల్ తొయ్యగానే బలం అందేది, పంకా గాలి రెక్కల మీదుగా కొట్టి విమానాన్ని ఎత్తిపట్టేది. తొలి జెట్‌లలో ఆ రెండూ లేవు. థ్రాటిల్ తోశాక లోపలి టర్బైన్ వేగం పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పట్టేది. దిగేటప్పుడు, నేల ముంచుకొస్తుండగా, ఆ కొన్ని సెకన్లే ప్రాణం మీదికి తెచ్చేవి.

భారత వాయుసేన నడిపిన మొదటి జెట్ విమానం కూడా వాంపైరే, 1948లో. తరవాత బెంగళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ లైసెన్సు మీద వీటిని తయారు చేసింది. రెండు సీట్ల ఎగుమతి రకానికి టి.55 అని పేరు. సికింద్రాబాద్ పక్కన హకీంపేటలో మన పైలట్లు జెట్ నడపడం నేర్చుకున్నది ఆ రకం మీదే. తరవాత అక్కడికి పోలండ్ ఇస్క్రాలు, మన కిరణ్‌లు వచ్చాయి. అల్వాల్, బొల్లారం వైపు పెరిగినవాళ్లకు కిరణ్ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. వాంపైర్ చప్పుడు విన్న తరం ఇప్పుడు తాతల తరం.

ముందు చక్రం ఎందుకొచ్చింది?

బొమ్మ వెనక్కి పడడానికి కారణం తెలియాలంటే ముందు చక్రాల సంగతి చూడాలి. ప్రొపెల్లర్ కాలపు విమానాలు చాలావరకు ముక్కు పైకెత్తి, తోక కింద చిన్న చక్రం మీద కూర్చునేవి. మెస్సర్‌ష్మిట్ 262 అనే జర్మన్ జెట్‌ని కూడా మొదట అలాగే చేశారు. 1942 జులై 18న ఫ్రిట్జ్ వెండెల్ అనే పరీక్షా పైలట్ దాన్ని జెట్ ఇంజన్ల బలంతోనే మొదటిసారి లేపబోయాడు. రన్‌వే మీద ఎంత వేగం అందుకున్నా తోక లేవదు. తోక మీదికి గాలి కొట్టే ప్రొపెల్లర్ లేదు మరి. చివరికి పరుగు మధ్యలో బ్రేకు ఒక్కసారి అలా తాకించాడు. ముక్కు కిందికి తూగింది, తోక లేచింది, విమానం ఎగిరింది. లేవడానికి బ్రేకు వెయ్యడం ఏ పైలట్‌కైనా రోజూ చేయదగ్గ పని కాదు. తరవాతి రకాలకు ముక్కు కింద చక్రం పెట్టారు.

ముక్కు చక్రం విమానంలో మోత ఎక్కువగా పడేది వెనకున్న రెండు పెద్ద చక్రాల మీద. వాటిని కావడి మోసేవాడి భుజం అనుకోండి. ముందు బుట్ట కాస్త బరువుగా ఉంటే విమానం ముక్కు చక్రం మీద ఒదిగి నిలబడుతుంది. వెనక బుట్ట బరువెక్కితే తోక మీద కూలబడుతుంది. మరి ముందు బుట్టను బాగా బరువు చేస్తే సరిపోదా అంటే, అప్పుడు ఎగిరేటప్పుడు ముక్కు లేవదు. అందుకే ఇంజనీర్లు పెద్ద చక్రాలను విమానం బరువు కేంద్రానికి కాస్తంత వెనగ్గా, చాలా దగ్గరగా పెడతారు. ఆ తేడా ఎంత తక్కువంటే, కొద్దిపాటి బరువు వెనక్కి జరిగినా తూకం తప్పుతుంది.

అసలు వాంపైర్‌లో ముందు బుట్టలో ఏమున్నాయి? ఇద్దరు మనుషులు, వాళ్ల సీట్లు, కాళ్ల కింద తుపాకులు, ముక్కులో రకరకాల పెట్టెలు. సుమారు 700 కిలోల గాబ్లిన్ ఇంజన్ వెనక చక్రాల చుట్టుపక్కలే, అంటే కావడి భుజం దగ్గరే ఉంటుంది కాబట్టి అటూ ఇటూ పెద్దగా లాగదు. వెనక బుట్టలో ఉన్నది రెండు పల్చటి లోహపు గొట్టాలు, లోపల డొల్లగా ఉండే తోక. పొడవెక్కువ, బరువు తక్కువ.

నా బల్ల మీది నమూనాలో మనుషులు లేరు. ఉన్నా ప్లాస్టిక్ మనుషులే. తుపాకుల చోట గాలి. తోక మాత్రం లోపల ఖాళీ లేని నిండు ప్లాస్టిక్ ముక్క. అసలు విమానంలో ఏది తేలికో అది నమూనాలో బరువైపోయింది, ఏది బరువో అది మాయమైపోయింది.

బాక్స్: 3,350 కిలోలు 9 గ్రాములయ్యే లెక్క

వాంపైర్ టి.11 రెక్కల చివరి నుంచి చివరికి 11.58 మీటర్లు. 72తో భాగిస్తే నమూనా 16 సెంటీమీటర్లు. ఇంతవరకు తేలికే.

ఇప్పుడు రెక్కల మీద రంగు వెయ్యాల్సిన మేర ఎంత తగ్గింది? పొడవూ తగ్గింది, వెడల్పూ తగ్గింది. అంటే 72తో రెండుసార్లు భాగించాలి. అది 5,184వ వంతు అవుతుంది.

బరువైతే పొడవు, వెడల్పు, మందం మూడింటి మీదా ఆధారపడుతుంది. 72తో మూడుసార్లు భాగించాలి. అంటే 3,73,248వ వంతు. ఖాళీ వాంపైర్ బరువు సుమారు 3,350 కిలోలు. దాన్ని అలా భాగిస్తే వచ్చేది 9 గ్రాములు. రెండు టీస్పూన్ల నీళ్ల బరువు.

చీమకు బలం ఎక్కువని అనిపించడం ఇందుకే. కండ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే రెండుసార్ల లెక్కన తగ్గుతుంది. మొయ్యాల్సిన ఒంటి బరువు మూడుసార్ల లెక్కన తగ్గుతుంది. చీమను ఏనుగంత పెంచితే తన కాళ్ల మీద తాను నిలబడలేదు. ఏనుగు కాళ్లు అంత లావుగా ఉండేది అందుకే.

పూతరేకు లాంటి విమానం ఎందుకు చెయ్యలేరు?

అసలు విమానానికి నిజమైన నకలు కావాలంటే 9 గ్రాములు ఉండాలి. ప్లాస్టిక్ ముక్కల బరువు దానికి రెట్టింపు దాటిపోతుంది. బరువంతా ఎక్కడ చేరింది? గోడ మందంలో.

కిట్‌లో ఒక ముక్క తీసుకుని అంచు చూడండి. సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. చిన్నదే అనిపిస్తుంది గానీ 72తో హెచ్చవేస్తే ఏడు సెంటీమీటర్ల పైమాట. నాలుగు వేళ్ల మందపు గోడలతో ఏ విమానమైనా ఎగురుతుందా? అసలు వాంపైర్ తోకదండాల రేకు మిల్లీమీటరు అటూ ఇటూ. దాన్ని సరిగ్గా తగ్గిస్తే 0.014 మిల్లీమీటర్లు. చపాతీలు చుట్టే వంటింటి అల్యూమినియం రేకు దాదాపు అంతే ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకును చేతిలోకి తీసుకున్నప్పుడు వేలి తడికే మెత్తబడిపోతుంది చూడండి, 1/72 విమానం న్యాయంగా అంత సుకుమారంగా ఉండాలి.

అలా చెయ్యలేకపోవడానికి కారణం అచ్చు. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ గింజలను 200 డిగ్రీల పైచిలుకు వేడిలో కరిగించి, జంతికల గొట్టంలో పిండిని నొక్కినట్టు, ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడితో, ఉక్కు అచ్చు లోపలికి నొక్కుతారు. అచ్చు చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్ గోడ తగలగానే గట్టిపడడం మొదలెడుతుంది. దారి మరీ ఇరుకైతే చివరి మూల చేరకముందే పేరుకుపోయి దారి మూసుకుపోతుంది. దోసెపిండి వేడి పెనం మీద సాగకుండా ఆగిపోయినట్టే, కాకపోతే ఇక్కడ ఆపేది చల్లదనం. కాబట్టి దారి కనీసం మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండక తప్పదు.

అలాగని మందంగా పోస్తే ఇంకో చిక్కు. కొవ్వొత్తి మైనాన్ని గిన్నెలో పోసి చల్లారనిస్తే నడిమి భాగం గుంటపడుతుంది. పైపొర ముందు గట్టిపడి, లోపలిది తరవాత చల్లారుతూ కుంచించుకుని పైపొరను లోపలికి లాగుతుంది. లావు ప్లాస్టిక్ ముక్కల మీద కనిపించే చిన్న గుంటలు అవే. ఇక ముక్క అచ్చులోంచి ఊడి రావాలి కదా. ఇడ్లీ ప్లేటు గుంట గోడలు వాలుగా ఉంటాయి కాబట్టే ఇడ్లీ తేలిగ్గా వస్తుంది. అదే నిట్టనిలువు గోడల గ్లాసులో ఉడికిస్తే చెంచాతో గీకాల్సిందే. కిట్ ముక్కల అంచులన్నీ కంటికి తెలియనంత వాలుగా ఉండేది అందుకే. ఒక్కో ముక్క వెనక కనిపించే గుండ్రటి మచ్చలు, అచ్చు తెరుచుకున్నాక పుల్లలు దాన్ని బయటికి నెట్టిన గుర్తులు.

ఈ మిల్లీమీటరు నియమమే తోకను ముంచింది. తోక మీది అడ్డరెక్కను తీసుకోండి. అసలు విమానంలో అది లోపల డొల్ల. నమూనాలో మొత్తం మందమే మిల్లీమీటరున్నరకు అటూ ఇటూ. ఇక డొల్ల చెయ్యడానికి చోటెక్కడ? నిండుగా పోశారు. అసలు విమానానికి పది సెంటీమీటర్ల మందం గల దిమ్మను తోకగా బిగించినట్టయింది. పైగా అది చక్రాలకు అన్నిటికన్నా దూరంగా ఉంది.

సైకిల్ షాపు గుళ్లు

దూరం అన్నది ఇక్కడ బరువంత ముఖ్యం. నమూనాలో పెద్ద చక్రాల నుంచి తోక చివరికి సుమారు ఎనిమిది సెంటీమీటర్లు. ముక్కులో బరువు పెట్టగలిగిన చోటు అందులో సగం దూరమే. కాబట్టి తోక చివర ఒక గ్రాము ఎక్కువైతే ముక్కులో రెండు గ్రాములు పెడితేగాని సరితూగదు. అదే రెండు గ్రాములను సీట్ల కింద, చక్రాలకు దగ్గరగా పెడితే ఫలితం దాదాపు శూన్యం. వీలైనంత ముందుకు పెట్టాలి. వాంపైర్‌కు ఆ ముందు భాగంలోనే చోటు తక్కువ. పైలట్ల గది ముక్కు దాకా వచ్చేసింది. మీటర్ల పలక ముందు చిన్న గుల్ల, గది నేల కింద కాస్త సందు, అంతే.

తక్కువ చోటులో ఎక్కువ బరువు కావాలంటే చిక్కని పదార్థం కావాలి. పాలిస్టైరీన్ నీటికన్నా కొంచెమే బరువు. ఉక్కు నీటికి దాదాపు ఎనిమిది రెట్లు, సీసం పదకొండు రెట్ల పైన. అందుకే చాలామంది చేపల వలకు కట్టే సీసం గుళ్లు వాడతారు. నేను వాటికి దూరం. సీసం ఒంటికి మంచిది కాదన్నది ఒక కారణం. రెండోది కొన్నేళ్లకు గాని బయటపడదు. సీసాన్ని చెక్కపనికి వాడే తెల్ల జిగురుతో అతికితే, ఆ జిగురు నుంచి చాలా కొద్దిగా ఆమ్లం ఊరుతుంది. ఆ ఆమ్లం, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి సీసాన్ని మెల్లమెల్లగా తెల్లపొడిగా మారుస్తాయి. పొడికి చోటెక్కువ కావాలి. ముక్కు ఉబ్బుతుంది, అతుకు విచ్చుతుంది. పాతకాలంలో తెల్లరంగు కోసం సీసపు రేకులను వెనిగర్ ఆవిర్లలో ఉంచి చేసింది కూడా ఇదే. రంగులవాళ్లకు వరమైన రసాయన చర్య నమూనాలవాళ్లకు శాపం.

మా వీధి చివరి సైకిల్ షాపులో వెనక చక్రం హబ్‌లో వేసే పావు అంగుళం ఉక్కు గుళ్లు అడిగాను. షాపాయన గ్రీజు మరకల కాగితంలో గుప్పెడు పోసిచ్చాడు. ఈ గుళ్లలో ఒక సౌకర్యం ఉంది. ఒక్కోటి బరువు సుమారు ఒక గ్రాము, లెక్కపెట్టడమే తూకం.

ఎన్ని కావాలో కాగితం చూడక్కర్లేదు, విమానాన్నే అడగొచ్చు. టేపుతో పట్టించిన నమూనా మీద, ముక్కు నెత్తిన చిన్న కాగితపు దొన్నె అతికించి ఒక్కో గుండు వెయ్యాలి. మా అన్నయ్య పాప వేసింది. మూడు వేసినా తోక కదల్లేదు. నాలుగోదానికి ఊగింది. అయిదోదానికి ముక్కు చక్రం బల్లకు ఆనింది. దొన్నెను సెంటీమీటరు వెనక్కి జరిపి చూడమన్నాను. అవే అయిదు గుళ్లు, మళ్లీ తోక కిందికి. ఈసారి నేనేమీ చెప్పక్కర్లేకపోయింది, తనే దాన్ని ముందుకు జరిపింది. ఇంకా రంగులు, డెకాల్స్ అనే గుర్తుల అంటుబొమ్మలు పడాలి, వాటి బరువుకని ఒక గుండు అదనం. ఆరు గుళ్లనూ ముక్కు లోపల ఎపాక్సీతో గట్టిగా పట్టించాకే రెండు సగాలనూ కలిపాం. ఆ పని ముందే చెయ్యకపోతే తరవాత దారి ఉండదు.

జిగురు, నీళ్లు తగ్గవు

కలిపే జిగురు కూడా మామూలు జిగురు కాదు. కొండపల్లి బొమ్మల ముక్కలను చింతగింజల జిగురుతో అతుకుతారు. అక్కడ జిగురు రెండు చెక్కల మధ్య పొరగా నిలిచి పట్టుకుంటుంది. ప్లాస్టిక్ కిట్ల ద్రావకం అలా నిలవదు. రెండు అంచులనూ కాస్త కరిగించి, ఒకదాని పోగులను ఇంకొకదానిలోకి కలిపేసి, తను ఆవిరైపోతుంది. మిగిలేది అతుకు కాదు, ఒకటే ముక్క. రెండు సగాలనూ దగ్గరపెట్టి బ్రష్ కొనను సందుకు తాకిస్తే చాలు, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు సందు పొడవునా అదే పాకిపోతుంది. సందు ఎంత సన్నగా ఉంటే అంత బలంగా పీల్చుకుంటుంది.

నీళ్లలో నానబెట్టి అతికించే డెకాల్స్‌తోనూ ఇలాంటి సంగతే. నీటి తలం బిగువుకు 1/72 అంటే ఏమిటో తెలియదు. అసలు విమానం మీద లెక్కలోకి రాని ఒక నీటి చుక్క ఇక్కడ జాతీయ గుర్తును పట్టి లాగగలదు. మెరుపు లేని రంగు నిజానికి గరుకు నేల. ఆ గుంటల్లో గాలి చిక్కితే డెకాల్ కింద వెండిలా మెరుస్తుంది. అందుకే ముందు మెరిసే వార్నిష్ వేసి నేల నున్నగా చెయ్యాలి. రేకుల అతుకులని చూపే గీతల సంగతి మాత్రం నాకు రుచించదు. 0.2 మిల్లీమీటర్ల గాడి అసలు విమానంలో 14 మిల్లీమీటర్ల నెర్రె, వేలు దూరేంత. నిజానికి నున్నటి చెక్క పొట్ట మీద అంత గీతలేవి? నల్లరంగు పూసి వాటిని ఇంకా ఎత్తిచూపే అలవాటు ఎంత వాడుకలో ఉన్నా, వాంపైర్ పొట్ట మీద మాత్రం నేను ఆ పని చెయ్యను.

రాజమండ్రి విమానం కింద కర్ర

నమూనా పూర్తయిన కొన్నాళ్లకు రాజమండ్రి విమానం ఎక్కాం. రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72. దాన్లో జనం ఎక్కేది, దిగేది వెనక తలుపు నుంచి. మెట్ల దగ్గరికి నడుస్తుంటే పాప నా చెయ్యి లాగి తోక కిందికి చూపించింది. పొట్ట కింద నిటారుగా ఒక కర్ర లాంటి ఊతం నిలబెట్టి ఉంది.

"బాబాయ్, దీనికి ముక్కులో గుళ్లు పెట్టలేదా?"

పెట్టరు. రోజూ మోసుకు తిరిగే ప్రతి కిలోకూ ఇంధనం ఖర్చు. అందుకని జనం వెనక తలుపు దగ్గర గుంపుగా ఉన్న ఆ కాసేపటికి మాత్రమే కింద ఊతం పెడతారు. అందరూ ముందుకు వెళ్లి వాళ్ల వాళ్ల సీట్లలో కూర్చున్నాక బరువు మళ్లీ చక్రాల ముందుకు జరుగుతుంది. కిటికీ పక్కన కూర్చుని పాప చూస్తూనే ఉంది. తలుపు మూశారు. ఒకతను వంగి వెళ్లి, ఆ ఊతాన్ని లాగి తీసి పక్కన పెట్టాడు.